చేతుల మధ్య పెరిగిన గుమ్మడికాయ

గుమ్మడికాయ బోర్లా పడి ఉంది. భోజనాల బల్ల మీద, నీళ్ళ జగ్గుకీ పచ్చడి జాడీకీ మధ్య. దాని అడుగున కుంచెతో నీలిరంగులో వేసిన అంకె, నలభై రెండు, ఇంట్లో ఎవరు ఏ మూల నిలబడినా కనబడేటట్టుంది.

జకర్యా దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని అరగంటయింది. ప్లేట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. కామెర్ల నుంచి లేచిన మనిషి వేళకు తినాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పాపం, ఇలాంటి కాయ ఒకటి ఇంటికి వస్తుందని ఆ డాక్టరుకి మాత్రం ఏం తెలుసు.

"ఇది నా కాయ కాదు," అన్నాడు జకర్యా చివరికి.

దేవకృప కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు అప్పటికే పొడిగా ఉన్నాయి.

"ముందు తినండి. తర్వాత చూద్దాం."

"చూడ్డానికేముంది? బోయిన్‌పల్లి మార్కెట్లో కుప్పకో నంబరు వేస్తారు. ముప్పై ఏళ్ళు గూడ్స్ ఆఫీసులో మూటల మీద నంబర్లు చూసినవాణ్ణి. ఆ మాత్రం నాకు తెలీదా?"

అద్దం ముందు జడ వేసుకుంటున్న సలోమి చేయి ఆగింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ప్యారడైజ్ దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టు. తండ్రి కోపం, తల్లి నోరు విప్పనితనం రెండూ కలిసి పుట్టిన పిల్ల కాబట్టి, ఏ సమయానికి ఏది బయటికొస్తుందో ఇంట్లోవాళ్ళకి కూడా తెలీదు.

నిన్న సాయంత్రం రామ్మోహనరావు గారు సంచిలో పెట్టుకుని మల్కాజ్‌గిరి దాకా స్వయంగా మోసుకొచ్చి ఇచ్చిపోయారు ఆ కాయని. ఆయన చర్చి తోట కమిటీకి సెక్రటరీ. కిందటి ఆదివారం కోతపండుగ వేలంలో, జకర్యా మడి కాయ అని పెడితే, రామ్మోహనరావు గారి భార్య కుసుమకుమారి పంతం పట్టి పాడుకున్న కాయ అది. మూడు రోజులు వచ్చేపోయేవాళ్ళకి చూపించి మురిసిపోయి, నాలుగో రోజు కడుగుదామని తిరగేస్తే అడుగున అంకె కనబడింది. "మీరేమీ అనుకోకండి జకర్యా గారూ," అన్నారు రామ్మోహనరావు గారు వెళ్తూ వెళ్తూ. ఆ అన్న తీరులో, అనుకోక తప్పదన్నది స్పష్టంగా ఉంది.

"భద్రయ్య," అన్నాడు జకర్యా.

దేవకృప చప్పున ఆయన వైపు తిరిగింది. "భద్రయ్య ఏంటండీ?"

"శనివారం సాయంత్రం తోట కాయలన్నీ ఎవరి గదిలో ఉన్నాయి? ఆదివారం పొద్దున తోపుడు బండి మీద చర్చిలోకి తెచ్చింది ఎవరు? నా కాయ ఎక్కడో అమ్ముకుని, దాని బదులు ఈ మార్కెట్ కాయ పెట్టాడు. మట్టి కూడా రాశాడు చూడు, మడిలోంచి కోసినట్టు."

"పదిహేనేళ్ళుగా తోటని కనిపెట్టుకుని ఉన్న మనిషండీ."

"పదిహేనేళ్ళుగా ఉన్నాడు కాబట్టే ఎవరూ అనుమానించరని వాడికి తెలుసు."

"చూడకుండా ఎలా అంటావు నాన్నా?" అంది సలోమి.

"మరి నువ్వు చెప్పు. ఎవరు మార్చుంటారు?"

సలోమి అద్దంలోంచే తల్లి వంక చూసింది. "అసలు కాయ మారలేదేమో నాన్నా."

"అంటే?"

"సలోమి బండికి టైమవుతోందండీ," అంది దేవకృప గబగబా. "నాకూ స్కూలుకి టైమవుతోంది. మీరు తినండి, మీకు దణ్ణం పెడతాను."

జకర్యా ఒక ఇడ్లీ తుంచాడు. నోట్లో పెట్టుకోలేదు. "శనివారం కమిటీ కూర్చుంటుంది. వాడు ఆ గది ఖాళీ చేసి పోవాల్సిందే. దొంగతనం కాదే నా బాధ. నేను పీఠం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. ఆ మనిషి నా చేత అబద్ధ సాక్ష్యం చెప్పించాడు."

దేవకృప గోడకున్న సంచీ తీసుకుంది. చెప్పులు వేసుకుంటుంటే ఎడమది కుడి కాలికి తొడిగింది.

* * *

చిలకలగూడలో చర్చి వెనక స్థలం దొరల కాలం నుంచీ తోటే. ఇరవై నాలుగు మడులు. పెరడు లేని ఇళ్ళలో అద్దెకుండే సంఘస్థులు ఏడాదికింతని కట్టి మడి తీసుకుంటారు. కూరగాయలు వేసుకుంటారు, తింటారు, పంచుకుంటారు. ఒక్కటే కట్టుబాటు. కోతపండుగనాడు ఆ మడి కాయ పీఠం ముందుకు రావాలి. వట్టి చేతులతో వచ్చిన ఇంటివాళ్ళ మడి, ఆ మరుసటి వారమే కాచుక్కూర్చున్న మరొకరికి పోతుంది.

కిందటేడు మార్తమ్మ గారికి అలాగే పోయింది. మోకాళ్ళ నొప్పులతో మూడు నెలలు తోటకి రాలేకపోయింది ఆవిడ. పోనీలే అని కమిటీలో నలుగురూ మెత్తబడుతుంటే, దేవుడి ముందు అందరికీ ఒకటే కట్టుబాటని గట్టిగా పట్టుబట్టినవాడు జకర్యా. మార్తమ్మ గారు పదేళ్ళు పెంచుకున్న కరివేపాకు చెట్టు ఇప్పుడు ఇంకొకరి మడిలో ఉంది.

కాబట్టి పదకొండో నంబరు మడి ఎండిపోయినప్పుడు దేవకృపకి ముందు గుర్తొచ్చింది మార్తమ్మ గారి ముఖమే.

రిటైరయిన దగ్గర్నుంచి జకర్యాకి ఆ మడే ఆఫీసు. పొద్దున్నే రైలెక్కి సీతాఫల్‌మండిలో దిగి నడుచుకుంటూ పోయేవాడు. గుమ్మడి తీగ మొదటి పిందె వేసిన వారానికే కామెర్లతో ఆస్పత్రిలో పడ్డాడు. మడి దేవకృప చేతిలోకొచ్చింది. పిల్లలకి ఎక్కాలు నేర్పడం వచ్చు గానీ ఆవిడకి తీగకి నీళ్ళెంత పోయాలో తెలీదు. ఆయన లేచేసరికి కాయ పెద్దదవ్వాలన్న ఆత్రంలో, కోళ్ళ ఫారం నుంచి పచ్చి పెంట సంచీడు తెప్పించి మొదలు చుట్టూ దట్టంగా వేసింది. మాగని కోళ్ళ పెంట నిప్పని చెప్పడానికి భద్రయ్య ఊళ్ళో లేడు, వాళ్ళ అన్న దినాలకి జనగామ పోయాడు. నాలుగో రోజుకి ఆకులు అంచుల నుంచి మాడాయి. వారానికి పిందె నల్లబడి రాలిపోయింది.

ఆ రోజు సాయంత్రం ఆస్పత్రిలో జకర్యా ఎప్పటిలాగే అడిగాడు, "పిందె ఎంతయింది?"

దేవకృప రెండు చేతులూ దోసిలిలా పెట్టి చూపించింది. "ఇంత."

పసుపు పచ్చని కళ్ళతో ఆయన నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు. మర్నాడు చేతులు ఇంకాస్త ఎడం చేసి చూపించింది. ఆ మర్నాడు ఇంకాస్త. అలా ఒక చచ్చిపోయిన పిందెని మూడు వారాలు తన చేతుల మధ్య పెంచింది. చివరికి కోతపండుగ ముందు రోజుల్లో బోయిన్‌పల్లి వెళ్ళి, కుప్పలు కుప్పలుగా పోసిన కాయల మధ్య నిలబడి, ఆయనకి ఆఖరిసారి చూపించిన కొలతకి సరిపోయే కాయని చేతులతో కొలిచి మరీ ఏరుకొచ్చింది.

ఏ టీచరూ ఇంత జాగ్రత్తగా తప్పు చేసి ఉండదు.

* * *

స్టేషన్‌కి నడుస్తుంటే సలోమి అడుగు ముందే ఉంది. ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళాక ఆగింది.

"ఆటోలోంచి గోనెసంచి దించుతుంటే నేను చూశానమ్మా. చర్చి ఎదురుగా నా స్నేహితురాలు మాధవి వాళ్ళింటి మెట్ల మీద ఉన్నాను."

దేవకృప పట్టాల వైపు చూసింది. "మరి అప్పుడే అడగలేదేం?"

"నాన్న నవ్వుతున్నాడు కదా ఆ రోజు. పోనీలే అనుకున్నా. ఒక్క కాయే కదా అనుకున్నా. ఇప్పుడు ఆ ముసలాయన ఇల్లు పోతోంది."

"అంత దాకా రానివ్వను."

"ఎలా రానివ్వవు?"

పక్క బెంచీ మీద ఒకావిడ అరటిపళ్ళు సంచిలో సర్దుకుంటోంది. దేవకృప వాటినే చూస్తూ నిలబడింది.

"చెప్పు నాన్నకి. ఇంటికెళ్ళి చెప్పు. తిడతాడు. రెండు రోజులు మాట్లాడడు. అంతే కదా."

"అంతే కాదే. ఆయన సాక్ష్యం చెప్పాడు. మంచంలో ఉన్నా నా మడిని దేవుడు మరిచిపోలేదని, మూడు వందల మంది ముందు ఏడ్చాడు. ఆ మాట పట్టుకునే లేచి తిరుగుతున్నాడు. ఇప్పుడు వెళ్ళి, దేవుడు కాదండీ, బోయిన్‌పల్లి మార్కెట్ అని చెప్పమంటావా?"

"మార్తమ్మ గారి విషయంలో నాన్న ఊరుకున్నాడా?"

"అందుకేనే చెప్పలేకపోతున్నాను."

రైలు వచ్చింది. ఇద్దరూ ఆడవాళ్ళ పెట్టె ఎక్కారు. సీటు ఒక్కటే దొరికింది. సలోమి తల్లిని కూర్చోబెట్టి తను రాడ్డు పట్టుకుని నిలబడింది. దిగబోయే ముందు వంగి, మెల్లిగా అంది.

"శనివారం దాకా ఆగుతాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

* * *

స్కూలు వదిలాక దేవకృప తోటకి వెళ్ళింది. పదకొండో మడిలో మట్టి తవ్వి ఆరబెట్టి ఉంది. తీగలు పీకించేసిందీ తనే. కాయ కోశాక తీసేశామని జకర్యాకి చెప్పిందీ తనే.

భద్రయ్య ఏడో మడికి కాలవ కడుతున్నాడు. పారకి అంటిన మట్టిని వేలితో గీకి, పార గట్టు మీద పెట్టి లేచాడు. ఆరు పదులు దాటిన మనిషి. ఎల్లమ్మ గది ముందు కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది.

"విషయం తెలిసిందా భద్రయ్యా?"

"తెల్సిందమ్మా. సెక్రటరీ సారు పొద్దుగాల్నే వచ్చి అడిగిండు. శనారం కమిటీకి రమ్మన్నడు."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్తా? శనారం చెప్తనని చెప్పిన." భద్రయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. మీదున్న నంబరు పీచు పెట్టి రుద్ది రుద్ది తీసిన. మన్ను సుత మంచిగ రాసిన. కిందికెల్లి ఇంకోటి ఉన్నదని చూసుకోకపోతి. తిప్పి చూసుంటె ఈ పరేషానే లేకుండె."

"నీ తప్పేంటి? కాయ తెచ్చింది నేను. కోళ్ళ పెంట వేసింది నేను."

"నేను ఊరికి పోకుంటె గట్ల ఎయ్యనిస్తుంటినా? నెల మాగాలె అని చెప్తుంటి. గదీ నా తప్పే."

దేవకృపకి ఏడుపొచ్చింది. ఈ మనిషి తన తప్పులు కూడా ఏరుకుని సంచిలో వేసుకుంటున్నాడు.

"నేను సారుకి చెప్పేస్తాను భద్రయ్యా."

"వద్దమ్మా." ఆయన గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది. "సారు పానం జెర కుదుటపడ్డది. మొన్న పండుగనాడు సారు ఏడుస్తుంటె నాకు సుత కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. మీకు మాటిచ్చిన, ఎవ్వలకు చెప్పనని. నాదేముంది? జనగామల బిడ్డ ఉన్నది. గాడికి పోతం."

చాటలో బియ్యం చప్పుడు ఆగింది.

"ఎంత కాలం ఉంటం అల్లుని ఇంట్ల?" అంది ఎల్లమ్మ. గొంతు పెంచలేదు. రాయి ఒకటి ఏరి పక్కకి విసిరింది. "ఆళ్ళకే ఒక్క అర్ర. మనం పోతె పిల్లలు బయట పండాలె."

"నువ్వు ఊకో," అన్నాడు భద్రయ్య.

"ఊకుంట. పదిహేనేండ్ల సంది ఊకునే ఉన్న." ఎల్లమ్మ దేవకృప వైపు తిరిగింది. "టీచరమ్మా, నా ముగ్గురు పిల్లల్ని గీ అర్రల్నే సాదిన. చిన్నోడు జరంతోని పోయింది సుత గీడనే. దొంగలని పేరు పడి పోతె మల్ల యాడ పని ఇస్తరు? మీరొక్క మాట చెప్తె అయిపోతది. మిమ్మల్నయితె ఎవ్వలు ఇంట్లకెల్లి ఎల్లగొట్టరు గద."

అదీ నిజమే. దేవకృపని ఎవరూ ఎక్కడి నుంచీ వెళ్ళగొట్టరు. మడి పోతుంది, మాట పోతుంది, మొగుడు ముఖం తిప్పుకుంటాడు. వండిన అన్నం ఉంటుంది, పడుకునే మంచం ఉంటుంది. ఎల్లమ్మ లెక్కలో తప్పేమీ లేదు.

"చెప్తాను ఎల్లమ్మా. ఇవాళే చెప్తాను."

చాట మళ్ళీ కదిలింది. భద్రయ్య రెండు కట్టల తోటకూర కోసి, వేర్లు దులిపి, దేవకృప సంచిలో పెట్టాడు. వద్దంటే వినలేదు.

* * *

చెప్పాలనే వెళ్ళింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఏమండీ, మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, అని మొదలుపెట్టాలి. అక్కణ్ణుంచి ఆగకూడదు.

ఆ రోజు కుదరలేదు. ప్రార్థనకని నలుగురొచ్చి కూర్చున్నారు. శుక్రవారం సాయంత్రం కుదిరింది. సలోమి ఇంకా రాలేదు. జకర్యా వరండాలో కూర్చుని చెంచాతో మజ్జిగన్నం తింటున్నాడు. దేవకృప పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుంది.

"ఏమండీ. మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు—"

"అదే ఆలోచిస్తున్నాను నేనూ," అన్నాడు జకర్యా. గిన్నె పక్కన పెట్టి ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో వరండాలో కూర్చుని ఆయన అలా పట్టుకోవడం ఆవిడకి గుర్తులేదు. "పక్క మంచం వాడు పోయిన రోజు గుర్తుందా? ఇక నా వంతే అనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. నువ్వొచ్చి ఈ చేతుల్తో చూపించావు, ఇంతయింది అని. సర్లే, రేపు ఎంతవుతుందో విని పోదాం అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. అలా ఇరవై రోజులు."

దేవకృప చేతులు వెనక్కి తీసుకోబోయింది, ఆయన వదల్లేదు.

"అందుకేనే ఇంత కోపం నాకు. కాయ పోతే పోయింది. నువ్వు అంత కష్టపడి పెంచావు. వర్షంలో రైలెక్కి పోయి నీళ్ళు పెట్టావు. నీ కష్టాన్ని వాడు మార్కెట్లో అమ్ముకున్నాడు."

"నా కష్టమేం లేదండీ."

"నువ్వలాగే అంటావు." చేతులు వదిలి మళ్ళీ గిన్నె తీసుకున్నాడు. "ఇందాక ఏదో చెప్పబోయావు?"

వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవక గింజుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. అది స్టార్టయితే చెప్తాననుకుంది దేవకృప. స్టార్టయింది, వెళ్ళిపోయింది కూడా.

"మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని."

"సరిపోయింది," అన్నాడు జకర్యా.

* * *

శనివారం సాయంత్రం అయిదింటికి చర్చి పక్క గదిలో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే నిజానికి రామ్మోహనరావు గారు, జకర్యా. మిగతావాళ్ళు పనులున్నాయని రాలేదు, ఇలాంటివాటికి ఎవరికైనా పనులు తగులుతాయి. కుసుమకుమారి సాక్షిగా వచ్చి గోడవారన కూర్చుంది. దేవకృపని జకర్యా వెంటబెట్టుకొచ్చాడు, మడి సంగతులు తెలిసింది తనకే కదా అని. బల్ల మీద గుమ్మడికాయ మళ్ళీ బోర్లానే ఉంది.

దేవకృప ఒక నిర్ణయానికి వచ్చే వచ్చింది. భద్రయ్య కాదనగానే లేచి చెప్పేయాలి. కాదంటాడు, ఏ మనిషైనా కాదంటాడు. ఆ ఒక్క మాట ఆసరా దొరికితే చాలు, తను నిలబడగలదు.

భద్రయ్య గుమ్మం దాటి ఒక్క అడుగు లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెనక మెట్ల దగ్గర ఎల్లమ్మ చీర అంచు కనబడుతోంది.

"భద్రయ్యా," అన్నారు రామ్మోహనరావు గారు. మెత్తటి మనిషి, ఇలాంటి పనులు ఆయనకి ఇష్టం లేదు. "ఎవరి మీదా నింద వెయ్యడం మా ఉద్దేశం కాదు. ఈ కాయ—"

"నేనే మార్చిన సారు."

ఇంత తొందరగా తెమిలే పని అని రామ్మోహనరావు గారు అనుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుసుమకుమారి ముఖం కూడా చిన్నబోయింది. పోట్లాటకి సిద్ధమై వచ్చింది పాపం ఆవిడ.

దేవకృప పట్టుకుందామనుకున్న మాట రాలేదు.

"ఎందుకు చేశావు భద్రయ్యా?" అడిగాడు జకర్యా. కోపం పోయింది, దాని చోట ఇంకేదో వచ్చింది. "నీకు కావాలంటే నేనే ఇద్దును కదా."

ఈ ప్రశ్నకి భద్రయ్య జవాబు అనుకుని రాలేదు. నేల వంక చూశాడు. "ఆశ పుట్టింది సారు."

"ఎవరికి అమ్మావు?"

"యాదికి లేదు."

"నేను ఆ కాయని కళ్ళతో చూడను కూడా చూడలేదు," అన్నాడు జకర్యా.

"ఏమండీ," అంటూ దేవకృప లేచింది. "ఒక్క మాట. భద్రయ్యది ఇందులో—"

"నువ్వు జాలిపడతావని నాకు తెలుసు." జకర్యా చేయెత్తి ఆపాడు. కసురుకోలేదు, ఎంతో మర్యాదగా ఆపాడు. "పోలీసులకి చెప్పం. పేరు బయట పెట్టం. కానీ గది ఖాళీ చెయ్యాలి. మార్తమ్మ గారికి ఒక కట్టుబాటు, ఇతనికి ఒక కట్టుబాటా? నన్ను రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

"నేను చెప్పేది అది కాదండీ."

"టీచరమ్మా, కూసోండ్రి," అన్నాడు భద్రయ్య. అందరూ ఆయన వైపు చూశారు. "మీరు కూసోండ్రి. సారు చెప్పింది నాయమే."

దేవకృప కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆవిడకి తెలియలేదు. కూర్చోమన్నారు, కూర్చుంది.

రామ్మోహనరావు గారు సొరుగులోంచి తెల్ల కాగితం తీశారు. "కాగితం మీద ఉంటే మంచిది. రేపు ఎవరూ ఎవర్నీ అనకుండా. భద్రయ్యకి రాయడం రాదు. నా రాత నాకే అర్థం కాదు." ఆయన నవ్వబోయి మానేశారు. "టీచరమ్మ గారూ, మీరు రాసి పెట్టండి."

కలం ఆవిడ చేతిలోకి వచ్చింది.

"చెప్పు భద్రయ్యా," అన్నారాయన.

"నేను భద్రయ్య," అన్నాడు భద్రయ్య. "చర్చి తోటల పని చేస్తా. గుమ్మడికాయ నేనే మార్చిన. మడి వాళ్ళకు ఏం తెల్వదు."

ఆ చివరి మాటకి దేవకృప తలెత్తింది. భద్రయ్య గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"రాయండి," అన్నారు రామ్మోహనరావు గారు.

రాసింది. ఇరవై తొమ్మిదేళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి, వంకర పోవడం దానికి తెలీదు. నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని కూడా రాసింది. తేదీ వేసింది. చదివి వినిపించమంటే వినిపించింది. బయట ఎల్లమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

స్టాంపు ప్యాడ్ మూత తీశారు. భద్రయ్య బొటనవేలు అద్ది కాగితం మీదికి వంగాడు. ఆయనకి అక్షరాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"యాడ పెట్టాలె టీచరమ్మా?"

దేవకృప వేలితో చూపించింది. "ఇక్కడ."

ఆయన అక్కడే పెట్టాడు. గట్టిగా, చాలాసేపు నొక్కి ఉంచాడు, సరిగా పడదేమోనని. తీశాక మట్టి పగుళ్ళతో సహా వేలు మొత్తం కాగితం మీదికి వచ్చింది.

"ఒక మాట," అంది కుసుమకుమారి గోడ దగ్గర్నుంచి. "జకర్యా గారు సాక్ష్యం చెప్పింది అందరి ముందు. కాయ సంగతి ఇప్పటికే సగం సంఘానికి తెలుసు. ఈ కాగితం సొరుగులో పెడితే ఆయన మాట ఎలా నిలబడుతుంది?"

రామ్మోహనరావు గారు ఆలోచించారు. "అదీ నిజమే. పేరు బయట పెట్టం అనుకున్నాం గానీ, రేపు ఆరాధన అయ్యాక ఒకసారి చదివేస్తే నయం. ఏమంటారు జకర్యా గారూ?"

జకర్యా భద్రయ్య వైపు చూశాడు. భద్రయ్య తలూపాడు, నాదేముంది అన్నట్టు.

"మా ఆవిడ చదువుతుంది," అన్నాడు జకర్యా. "గొంతు స్పష్టంగా ఉంటుంది. కాయ పెంచింది తనే, ఆ మాట కూడా అందరికీ తెలియాలి."

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. సలోమి. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, భుజాన బ్యాగు అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు. కాగితం మీది వేలిముద్రని, దాని పైనున్న తల్లి చేతివ్రాతని చూస్తోంది.

"చదువుతావు కదూ?" అన్నాడు జకర్యా ప్రేమగా.

దేవకృప కూతురి కళ్ళలోకి చూడలేకపోయింది. భద్రయ్య నీలిరంగు బొటనవేలిని తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు, అది పోవడం లేదు.

"చదువుతానండీ," అంది దేవకృప.

సలోమి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.